ఎర్రకాగితం అంటించిన లాంతరు

నిన్న సాయంత్రం కరెంటు పోగానే మా మనుమరాలు బల్లమీద మైనం కార్చి కొవ్వొత్తి నిలబెట్టింది. బల్ల పాడవుతుందన్న స్పృహ లేదు. గాలి ఎటు వీస్తున్నదో చూడలేదు. దీనికీ ఒక పద్ధతి ఉందని చెప్పబోయి, మా బావమరిది గుర్తుకు వచ్చి ఊరుకున్నాను.

పంతొమ్మిదివందల అరవైలలో నేను ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంటు రైల్వే కాలనీలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి, స్కౌటు దళానికి నాయకుణ్ణి. పిల్లలందరూ రైల్వేవారి బిడ్డలే. ఒక శీతకాలం సాలువా వైపు అడవిలో శిబిరం వేశాము. దీపాలు పెట్టే వేళకు దళమంతా వరుసలో నిలబడాలి. తనిఖీకి వచ్చే బెంగాలీ పెద్దమనిషి అది చూసి క్రమశిక్షణ జెండా ఏ దళానికివ్వాలో నిర్ణయిస్తాడు. ఆ జెండా మాకు ఎన్నడూ దక్కలేదు. అందుకే లాంతర్లు సైతం దగ్గరుండి చేయించాను. వనస్పతి డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి, పొట్టకు చిల్లు పొడిచి, కిందినుంచి కొవ్వొత్తి దూర్చాలి. కరిగినకొద్దీ పైకి తోయాలి. పట్టుకోవడానికి పైన తీగ. గాలికి ఆరదు, వెలుగు ముందుకే పడుతుంది. ఇందులో దిద్దవలసినది ఏమీ లేదు.

చీకటి పడుతుండగా పెద్దమనిషి వచ్చాడు. కట్టెలకు వెళ్లిన పిల్లలు రాలేదు. వెతుకుతూ కాలిబాట వెంట వెళ్తే, కేకవేటు దూరంలోనే నెత్తిన మోపులతో చక్కగా వరుసలో నిలబడి ఉన్నారు.

"ఏమిట్రా ఇది?"

"ఎర్రదీపం ఉంది కదండీ సార్," అన్నాడు ముందున్న డ్రైవరుగారి అబ్బాయి. "లైను కిలీరవకుండా ఎలాగెల్తాం? మా నాన్న సంపేస్తాడు."

వెనుదిరిగి చూశాను. శిబిరం ముఖద్వారాన నా లాంతరు ఎర్రగా వెలుగుతున్నది! వంటకని వెంటవచ్చిన మా బావమరిది దాని మూతికి మిఠాయి పొట్లాల ఎర్రని గాజుకాగితం అంటించాడు. పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి నిలదీశాను.

"తెల్ల దీపానికి పురుగులొచ్చి పప్పులో పడతన్నాయి బావా. ఎర్రదానికి రావు. ఏటి తప్పు?"

పెద్దమనిషి గడియారం చూసుకుని, "కీ మాస్టర్‌మొషాయ్, ఏం మాస్టారూ, సిగ్నల్ పడలేదా?" అని నవ్వాడు. జెండా పక్క దళానికి వెళ్లింది. పిల్లలను దండిద్దామంటే, ఆగమన్నచోట ఆగడమే కదా నేను నేర్పినది! బావమరిదిని దండించబోతే విస్తరి వేసి కూర్చోబెట్టాడు.

"పోనీలెండి బావా. పప్పులో ఒక్క పురుగుంటే సూపించండి."

లేదు. పైగా పప్పు రుచిగా ఉండి నా కోపాన్ని రెట్టింపు చేసింది.

ఆ పిల్లలు పెరిగి, ఇంజన్లు నడిపి, ఉద్యోగ విరమణ చేసి, కొందరు లోకం విడిచి వెళ్లిపోయారు కూడా. బావమరిదీ వెళ్లిపోయాడు. ఎర్రదీపం చూస్తే మోపు దించకుండా నిలబడ్డ మనుషులు వారు. కాలానికి ఆపాటి క్రమశిక్షణ అయినా లేదు.