చప్పుళ్ళ షావుకారు

మా బావని పనిచేసే చోట అందరూ చప్పుళ్ళ షావుకారు అంటారు. ఎగతాళికి పెట్టిన పేరే. కానీ ఆయనకి ఆ ఎగతాళి ఎప్పుడూ తగల్లేదు. ఎవరైనా అలా పిలిస్తే నిజంగానే ఇనప్పెట్టె తాళాలు తన దగ్గరున్నట్టు నవ్వుతాడు.

ఆయన ఉద్యోగం ఒక రికార్డింగ్ స్టూడియోలో. పాటలు కట్టేవాళ్ళు, పాడేవాళ్ళు, సీరియళ్ళకి డబ్బింగ్ చెప్పేవాళ్ళు వచ్చిపోతుంటారు. ఈయన మాత్రం అద్దాల గది వెనకాల కిటికీ లేని చిన్న గదిలో, హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాడు. అవతలి గదిలోంచి ఎవరో అరుస్తారు: "అన్నా, రేకుల మీద వాన కావాలి. పెద్ద వాన కాదు, వెలిసిపోతున్న వాన." ఆ మాట పూర్తయ్యేలోపు స్పీకర్లలో వాన వెలిసిపోతూ ఉంటుంది. నేను కళ్ళారా చూశాను. చెవులారా విన్నాను అనాలేమో.

ఇన్ని శబ్దాల ఫైళ్ళు వేరేవాళ్ళ దగ్గరా ఉంటాయి. కానీ వాళ్ళు వాటికి పెట్టే పేర్లు చూడాలి: ‘కొత్తది’, ‘కొత్తది అసలైనది’, ‘ఇదే ఫైనల్’, ‘ఫైనల్ ఇది కాదు’. అలాంటి పేరు కనబడితే బావ అన్నంలో వెంట్రుక వచ్చినట్టు మొహం పెడతాడు. ఆయన పద్ధతి ఒకటే. ముందు వస్తువు, తర్వాత అది దేనికి తగిలిందో, తర్వాత ఎంత వేగంగా తగిలిందో. ‘నడక, ఆడ, తోలు చెప్పులు, గచ్చు, నెమ్మది.’ ‘తలుపు, చెక్క, కోపంగా.’ శబ్దాన్ని మార్చే అమరికలుంటాయి, ప్రీసెట్లంటారు వాటిని. వాటికీ అలాంటి పేర్లే: ‘పక్క గదిలోంచి’, ‘ఫోన్‌లో గొంతు’, ‘ఖాళీ ఇల్లు’. గొంతుని ఆ ప్రీసెట్ లోంచి పంపిస్తే మనిషి నిజంగా ఖాళీ ఇంట్లో నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

ఇంత పద్ధతి గల మనిషికి ఇంట్లో తన బనియన్ ఎక్కడుందో తెలీదు. మా అక్క దీనిమీద ఆయన్ని ఆడుకునేది. "మీ బావకి బనియన్ కనబడాలంటే దాన్ని నేలకేసి కొట్టి చప్పుడు చెయ్యాలిరా" అనేది నాతో.

అవును, ఆయన పెళ్ళాడింది మా అక్కనే. నా కంటే పెద్దది, నా కంటే నోరు పెద్దది. ఆమె ఉన్న ఇంట్లో రేడియో అక్కర్లేదని మా నాన్న అంటుండేవాడు. ఆ ఇంట్లోకి వచ్చిన అల్లుడేమో నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరికీ ఎలా కుదిరిందో నాకు అంతుబట్టేది కాదు, చక్కగా కుదిరింది మాత్రం చూశాను.

కొనుక్కున్న శబ్దాలు అందరి దగ్గరా అవే ఉంటాయి. ఏ సీరియల్ చూసినా అదే తలుపు, అదే కుక్క. అది బావకి నచ్చేది కాదు. సొంతంగా రికార్డు చెయ్యడం మొదలుపెట్టాడు. సెలవు రోజున ఫ్యాన్లన్నీ ఆపి, కిటికీలు మూసి, దుప్పట్లు అడ్డం కట్టి, ఆయన మైకు పట్టుకునేవాడు. చప్పుడు చేసేది అక్క. నడిచేది, పరిగెత్తేది, గిన్నెలు దొర్లించేది, పాత చీరలు పర్రుమని చింపేది. చెమటలు కారిపోతున్నా ఆమెకది ఆటగా ఉండేది. మొదలుపెట్టే ముందు "ఊఁ, కానియ్యనా?" అనేది. అయ్యాక "చాలా? ఇంకోసారా?" అనేది. మధ్యలో నవ్వు ఆపుకోలేక పాడుచేసేది. అప్పుడప్పుడు "అయ్యో, పాలు!" అని వంటింట్లోకి పరుగెత్తేది.

తర్వాత బావ కూర్చుని శుభ్రం చేసేవాడు. వాళ్ళ పనిలో అది తప్పనిసరి. ఫైలులో చప్పుడు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ముందు మాట కోసెయ్యాలి, వెనక మాట కోసెయ్యాలి, నవ్వు కోసెయ్యాలి. మిగిలినదానికి పేరు పెట్టి, అసలు రికార్డింగు చెరిపెయ్యాలి, డిస్కులో చోటు కోసం. అక్క పక్కన నిలబడి తన మాటలు పోతుంటే చూస్తూ, "బాగుందండీ, నన్ను పారేసి నా చెప్పుల్ని దాచుకుంటున్నారు" అనేది. ముగ్గురం నవ్వేవాళ్ళం.

వాళ్ళకి ఒక కూతురు. రోజంతా కిచకిచలాడుతుందని పిచ్చుక అని పిలుచుకుంటాం. అది గోడ పట్టుకుని నిలబడుతున్న రోజుల్లో అక్కకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఆసుపత్రిలో చేర్చాక కూడా మామూలుదే అనుకున్నాం. నేను పళ్ళు తీసుకుని వెళ్ళేసరికి ఆమె మంచం ఖాళీ చేసేశారు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, నాకు చెప్పబుద్ధీ కావడం లేదు.

పిచ్చుక మా అమ్మ చేతుల్లో పెరిగింది. స్కూలుకి వెళ్ళే వయసొచ్చింది. మా అమ్మకి ఒక అలవాటు. పిచ్చుక ఏం మాట్లాడినా, "అచ్చం వాళ్ళమ్మ గొంతే" అని కళ్ళు తుడుచుకుంటుంది. ఒకరోజు ఆ పిల్ల విసిగిపోయి, హోంవర్కు పక్కన పడేసి వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, నా గొంతు అమ్మ గొంతులా ఉంటుందా?"

"ఉంటుందమ్మా."

"అయితే అమ్మ గొంతు వినిపించు. నేను చూసుకుంటాను."

"రేపు వినిపిస్తాలే" అన్నాడు బావ. ఎంత తేలిగ్గా అన్నాడో! వెలిసిపోతున్న వానని చిటికెలో తీసిచ్చే మనిషి, పెళ్ళాం గొంతు తీసివ్వలేడా? నేనూ అలాగే అనుకున్నాను.

మర్నాడు వెతికాడు. ఆ మర్నాడూ వెతికాడు. పెళ్ళి వీడియో ఉంది గానీ, మొదటినుంచి చివరిదాకా దాని మీద పాటలు వేసేశారు. అక్క మాట్లాడుతున్నట్టు పెదాలు కదులుతుంటాయి, ఎవరో పాడుతుంటారు. ఆమె ఫోను ఆమె కంటే ముందే నీళ్ళ బకెట్లో పడి పోయింది, పిల్లని తీసిన వీడియోలన్నీ దాంతోనే పోయాయి. మిగిలింది ఆయన డిస్కు. అందులో అక్క లేని చోటు లేదు, కానీ అక్క పేరు ఎక్కడా లేదు. ఆయన పేర్లు పెట్టింది చెప్పులకీ, గచ్చుకీ, గిన్నెలకీ కదా. ఒక్కొక్క ఫైలూ తెరిచి చెవులు రిక్కించి వినాల్సి వచ్చింది. నడక వచ్చేది. గాజుల చప్పుడు వచ్చేది. చీర చిరిగేది. మనిషి వచ్చేది కాదు.

ఆఖరికి ‘జనం, ఆడవాళ్ళు, కబుర్లు’ అన్న ఫైలు గుర్తొచ్చింది. అక్కనీ ఇరుగుపొరుగు ఆడవాళ్ళనీ కూర్చోబెట్టి ఒకసారి మాట్లాడించాడు. ఆశగా తెరిచాడు. సినిమాలో వెనకాల జనం గోల వినబడాలి గానీ ఏ ఒక్కరి మాటా తెలియకూడదట. అందుకని ‘మాట తెలియకుండా’ అని ఒక ప్రీసెట్ సొంతంగా తయారుచేసి, దాంట్లోంచి తిప్పి, పాతదాని మీదే సేవ్ చేశాడు. ఆ ప్రీసెట్ ఇప్పటికీ ఆ స్టూడియోలో అందరూ మెచ్చుకుంటూ వాడతారు. గంటల తరబడి విన్నా ఆ గోలలో మా అక్క ఏదో తేలలేదు.

బావ ఇదంతా చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు కళ్ళజోళ్ళ షాపుంది, రోజంతా నెమ్మదిగా మాట్లాడటం నా వృత్తి, అయినా ఆ రోజు నా నోటికి హద్దు లేకపోయింది. "ఒక్కటి ఉంచలేకపోయావా బావా? ఒక్క నవ్వు? లోకంలో ఉన్న కుక్కలన్నిటినీ దాచావు. మా అక్కని మాత్రం చెత్తలో వేశావు" అన్నాను. ఆయన హెడ్‌ఫోన్స్ తీగని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. తిరిగి ఒక మాట అంటే బాగుండేదనిపించింది.

ఆ కోపం నాలో చాలాకాలం ఉంది. దానికి తోడు, ఒకరోజు పక్కింట్లో కూర్చుని టీవీ చూస్తున్నాను. ఒక సీరియల్లో గయ్యాళి అత్తగారు వరండాలో నడిచొస్తుంటే తోలు చెప్పుల చప్పుడు వచ్చింది. ఎడమ అడుగు కొంచెం ఈడుస్తూ. అది మా అక్క నడక. ఆమె పోయినా ఆమె కాళ్ళు ఎవరెవరి ఒంటికో తగులుకుని తిరుగుతున్నాయి. నేను లేచి వచ్చేశాను. పక్కింటావిడ ఏమనుకుందో.

పిచ్చుక మాత్రం మర్చిపోలేదు. పిల్లలు మర్చిపోతారని ఎవరన్నారో గానీ, రోజూ "దొరికిందా నాన్నా?" అని అడిగేది. దొరకలేదని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. "వెతుకుతున్నానమ్మా" అనేవాడు.

ఒక ఆదివారం నన్ను స్టూడియోకి రమ్మన్నాడు. ఎవరూ లేరు. తలుపు మూసి, "ఒకటి వినిపిస్తాను. ఎవరిదో చెప్పు" అన్నాడు.

స్పీకర్లలో ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. "పిచ్చుకా, ఇలా రా, జడ వేస్తాను." వంటింట్లోంచి పిలిచినట్టుంది. ఆ గోడల మార్మోగు కూడా మా అక్కవాళ్ళ వంటింటిదే.

"దొరికిందా?" అన్నాను.

"దొరకలేదు. చేశాను." పిల్ల చేతే ఆ మాటలు ఏదో ఆటలా చెప్పించి రికార్డు చేశాడట. గొంతుని పెద్దవాళ్ళ గొంతు స్థాయికి దింపి, కాస్త బరువు చేర్చి, వంటింటి ప్రీసెట్ లోంచి పంపాడట. "అందరూ అదే గొంతంటున్నారు కదా. నువ్వు పుట్టినప్పటినుంచీ విన్నావు. నువ్వు చెప్పు. ఇది మీ అక్కేనా?"

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ విన్నాను. ఇక్కడ జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. నాకు తెలియలేదు. అవుననలేకపోయాను, కాదనలేకపోయాను. మా అక్క గొంతుని మనసులోకి తెచ్చుకుని పక్కన పెట్టి చూద్దామంటే, మాటలు వచ్చాయి గానీ గొంతు రాలేదు. అప్పటిదాకా నాకు గుర్తుందనే అనుకుంటున్నాను. ఆయన మీద అరిచినప్పుడు కూడా, నా దగ్గర భద్రంగా ఉందన్న ధీమాతోనే అరిచాను.

"తెలీడం లేదు బావా" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "నాకూ తెలీడం లేదురా. అందుకే నిన్ను పిలిచాను" అన్నాడు. "దీన్ని పిచ్చుకకి వినిపిస్తే సంతోషిస్తుంది. కానీ రేపటినుంచి దానికీ, నీకూ, నాకూ ఇదే ఆమె గొంతైపోతుంది. ఆ ఉన్న కాస్తా పోతుంది." నా ముందే ఆ ఫైలుని చెరిపేశాడు. చెరిపేటప్పుడు ఆ కంప్యూటర్ నిజంగా చెరపమంటారా అని అడుగుతుంది. ఆయన వేలు అక్కడ కొంచెం ఆగింది.

ఆ తర్వాత కూడా వెతకడం మానలేదు. ఈసారి మాట కోసం కాదు, ఏదైనా సరే అని. స్కూలు సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఆయన నుంచి ఫోన్. "రారా, దొరికింది!" ఆ గొంతులో అంత ఉత్సాహం విని ఎన్నాళ్ళైందో. ఎవరికో అద్దాలు చూపిస్తున్నవాణ్ణి, పది నిమిషాల్లో వస్తానని చెప్పి పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి పిచ్చుక ఆయన కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్ళు నేలకి అందడం లేదు. హెడ్‌ఫోన్స్ చెవులకి పెద్దవై జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకుంది. "నేను కూడా వింటాను" అని నేనంటే బావ స్పీకర్లలో పెట్టాడు.

‘నీళ్ళు, బిందె, ఇత్తడి, నెమ్మది.’ నీళ్ళు పోస్తున్న చప్పుడు. బిందె నిండుతున్న కొద్దీ చప్పుడు సన్నబడింది. ధార ఆగింది. చివరి చుక్కలు పడ్డాయి. ఇత్తడి మోత పూర్తిగా అణిగేదాకా ఆగి కొయ్యాలి, లేకపోతే వినేవాళ్ళకి చెవిలో తెగినట్టుంటుంది. అలా ఆగినందువల్ల మిగిలిపోయింది: చుక్కల తర్వాత, ఒక మనిషి ఊపిరి తీసుకుంది. మాట్లాడబోయే ముందు తీసుకునే ఊపిరి. అంతే. ఫైలు అయిపోయింది.

నాకు చాలింది అది. గోడకి ఆనుకుని నిలబడ్డాను. బావ మొహం వెలిగిపోతోంది.

పిచ్చుక మాకు మాట్లాడొద్దని చెయ్యెత్తి సైగ చేసింది. ఇంకా వస్తుందని చూస్తోంది. మేం కదలలేదు. కాసేపు చూసి, "ఇంకా రాలేదు నాన్నా" అంది.

"అయిపోయిందమ్మా. అంతవరకే ఉంది."

"అమ్మ ఏదో చెప్పబోయింది కదా. ఎవరు ఆపేశారు?"

బావ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన వంగి, కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, కూతురి ఎత్తుకి వచ్చాడు.

"నేనేనమ్మా. నేనే కోసేశాను."

"ఎందుకు?"

శుభ్రంగా ఉండాలనీ, పనిలో పద్ధతనీ చెబుతాడనుకున్నాను. నాకు చెప్పినవన్నీ అవే.

"అప్పుడు అమ్మ రోజూ మాట్లాడేదమ్మా" అన్నాడు.

పిచ్చుక దాని గురించి ఆలోచించింది. వాళ్ళ నాన్న మొహం కేసి చూసింది. జారిపోతున్న హెడ్‌ఫోన్స్ మళ్ళీ చెవులకి నొక్కి పట్టుకుని, "మళ్ళీ పెట్టు" అంది.

పెట్టాడు.