పెద్దమ్మ పడిన పూచీ

మా ఎదురింటి పెద్దమ్మ మొన్న తెల్లవారుజామున పోయింది. నాకు రక్తసంబంధం కాదు. భోపాల్‌పట్నంలో మా మహిళా సంఘానికి పెద్ద. కబురు తెచ్చిన ఆమె కోడలి ముందు ఏడవకూడదనుకున్నాను గాని నా వల్ల కాలేదు. ఊళ్ళో నన్ను మళ్ళీ నలుగురిలో కూర్చోబెట్టింది పెద్దమ్మే.

నాకు చిన్న బట్టల దుకాణం. మా వైపు బీడీలు చుట్టే తునికాకు కోసినవాళ్ళకు ఎండాకాలంలో డబ్బొస్తుంది. అప్పటిదాకా చీరైనా పంచైనా అరువే. దుకాణానికి తీసుకున్న బ్యాంకు అప్పు కూడా అలాగే అనుకున్నాను. కిస్తు కట్టమని నెలనెలా ఫోనొస్తే, ఆకు డబ్బులు రానీ, ఒక్కసారే పారేస్తా అనుకుని ఫోను బోర్లా పెట్టేదాన్ని. ఆ ఏడు ఆకు వేళకు వానలు పడ్డాయి. ఆకు పాడైంది, నాకు రావలసింది రాలేదు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసి, చివరికి మెడలోవీ చేతులవీ అమ్మి అన్నీ కట్టేశాను.

కట్టేశాను కదా అని ధీమాగా కొత్త సరుకుకు బ్యాంకులో అప్పడిగితే, కిస్తుల రికార్డు బాగాలేదు, ఇవ్వలేమన్నారు. తిన్నగా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. చింతపండు గింజలు తీస్తోంది.

"మొత్తం కట్టిన గదా పెద్దమ్మా! ఇంకేందంట వాళ్ళకు?"

"ఏడాది బువ్వంతా ఒక్కనాడే పెడతనంటే నీ మొగుడు ఊకుంటడానే?" అని పగలబడి నవ్వింది. "సేటుకైతే ఆకు పైసలొచ్చినంక ఇచ్చినా నడుస్తది. బ్యాంకుకు నెలనెలా కావాలె బిడ్డా. కొంచెమే తీస్కో, తారీఖు తప్పకు."

ఆ కొంచెమైనా ఇచ్చేదెవరు? మా సంఘం అప్పులిస్తుంది గాని, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి. అప్పుకు పెద్దమ్మ నా పేరెత్తగానే అందరూ నేలచూపులు చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"దీనికి నేను పూచీ. ఇది కట్టకపోతే నా మేకలమ్మి కడత" అంది పెద్దమ్మ.

ఆ తరవాత నన్ను ఊపిరి పీల్చుకోనిస్తేనా! కిస్తుకు ముందురోజే వచ్చి గడప దగ్గర నిలబడేది. "పైసలు పక్కకు పెట్టినవా? ఏదీ, చూపియ్యి." జ్వరంతో పడుకున్నా అదే పలకరింపు. విసుక్కునేదాన్ని కూడా. ఆ అప్పు తీరాక సంఘంలోనే ఇంకాస్త పెద్దది తీసుకున్నాను, అదీ తీరాక రికార్డు బాగుపడిందని పోయినేడు బ్యాంకు సరుకుకు అప్పిచ్చింది. పరుగున వెళ్ళి చెబితే, సంతోషాన్ని దాచుకుంటూ "కిస్తు ఏ తారీఖే?" అంది.

ఆమె పోయినరోజే సంఘం కిస్తు రోజు. ఇంద్రావతి ఒడ్డున ఆమెను సాగనంపి, స్నానాలు చేసి, ఎవరూ పిలవకుండానే అందరం ఆమె వసారాలో చేరాం. కిస్తు ఆగితే ఆమె ఒప్పుకోదని అందరికీ తెలుసు. ఒక్కొక్కరం కట్టాం. పెద్దమ్మ పేరు దగ్గరకొచ్చేసరికి పేర్లు చదివే ఆమె పద్దుల పుస్తకం పక్కన పెట్టేసింది. మేకల కొట్టానికి తీసుకున్న అప్పు ఇంకా మిగిలే ఉంది. కోడలు కొంగుముడి తడుముకుంటోంది.

"పెద్దమ్మది నేను కడత" అన్నాను. "తీరేదాంక నాదే పూచీ."

 తడి ఆరని జుట్టులోంచి నీళ్ళు కారి నోట్ల మీద పడుతుంటే, కొంగుతో అద్ది చాప మీద పెట్టాను.