కప్పమ్మను ఆదివారం దాకా ఆగమన్నాను

నా చిన్నప్పుడు అని నేను గొంతు సవరించుకుంటే చాలు, మా ఇంట్లో అందరికీ హఠాత్తుగా పనులు గుర్తొస్తాయి. వాళ్ల తప్పేమీ లేదు. నాకు పెంచి చెప్పే జబ్బుంది. మేకను ఆవంటాను, ఆవును ఏనుగంటాను, ఏనుగును ఎవరూ నమ్మకపోతే రెండు ఏనుగులంటాను. కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను, ఇందులో లెక్కలన్నీ నాలుగుతో భాగించుకోండి. పూర్తిగా కల్పించింది ఎక్కడో చివర్లో నేనే చెబుతాను.

మొన్న టీవీలో కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన పిచ్ మీద వంగి, పగుల్లో తాళంచెవి దూర్చి చూపిస్తూ, నేల బాగా ఎండింది, స్పిన్నర్లకు ఇక పండగే అన్నాడు. ఆ మాట దగ్గర నేను టీవీ కట్టేశాను.

మాది మడకశిర పక్క పల్లె. మా క్రికెట్ మైదానం ఊరి చెరువే. నీళ్లుంటే చెరువు, లేకపోతే మైదానం. నాకు తెలిసి అది ఎక్కువ కాలం మైదానంగానే బతికింది. అప్పుడు నాకు పదమూడేళ్లు, జట్టులో స్పిన్నర్‌ని. నా వేళ్లలో ఏ విద్యా లేదు, విద్యంతా ఎండలో ఉండేది. చెరువు అడుగున తడి ఉన్న రోజుల్లో బంతి మట్టిని పట్టుకుని ఆగి ఆగి వచ్చేది. తడి ఆరిన కొత్తల్లో ఆ బంకమట్టి సిమెంటులా బిగిసి, బంతి బుద్ధిగా బ్యాటు మీదికి పోయేది. అప్పుడు నన్ను ఎవడైనా బాదేవాడు. ఎండ ముదిరాక నల్లమట్టి పలకలు పలకలుగా విచ్చుకునేది. పలక మధ్యలో పడిన బంతి పాములా పాకేది, అంచున పడింది చెవి పక్కనుంచి ఈల వేసుకుంటూ పోయేది. వానలు మొహం చాటేసిన ఆ ఏడు పగుళ్లు ఎంత లోతంటే, లోపల పడిన బంతి కోసం ముగ్గురం తాడు పట్టుకుని దిగాం.

ఆ ఆదివారం కర్ణాటక వైపు ఊరి జట్టుతో మాకు మ్యాచ్. గెలిచినవాళ్లకు స్టీలు బిందె. శుక్రవారం నాడు ఊళ్లో ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, వాన కోసం ఇల్లిల్లూ తిరిగారు. మా అమ్మ ఇంట్లో మిగిలిన చెంబెడు నీళ్లు తెచ్చి ఆ కప్ప మీద పోసింది. నేను దాని దగ్గరికి వంగి, "కప్పమ్మా, ఆదివారం దాకా నోరు మూసుకో తల్లీ, పగుళ్లు పూడిపోతాయి" అన్నాను. తలెత్తితే ఎదురుగా మా నాయన. విన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని చేనుకు పోయాడు.

మాకు నాలుగెకరాల వేరుశనగ ఉండేది. అది ఊడలు దిగే అదను. పువ్వు వాడాక కొమ్మ నుంచి సూదిలాంటి ఊడ కిందికి దిగి, నేలను గుచ్చుకుని లోపలికి పోతేనే కాయ. దానికి నేల మెత్తబడాలి. ఆ వారంలో మా నాయనకు ఒక్క వాన కావాలి. నాకు ఆ ఒక్క వానే వద్దు.

ఆదివారం పొద్దున్నే మబ్బు పట్టింది. వాళ్ల ఓపెనర్, మీసాలు మొహానికి ఆ కొస నుంచి ఈ కొసకు ఉన్నవాడు. పిచ్ చూసి నవ్వాడు. "ఏమప్పా, చెరువులో నీళ్లు యాడ?"

"రాత్రి మీ ఊరి ఎద్దులొచ్చి తాగిపోయినాయన్నా," అన్నాడు మా కీపరు.

"ఎద్దులు కాదురా, మీ బావలు!"

ఆటలో సగానికి మబ్బు నెత్తి మీదికొచ్చి నాలుగు చినుకులు రాల్చింది. ఒక్కోటి కొబ్బరికాయంత. పగుళ్ల అంచున పొడి కాస్త చెమ్మగిల్లి బంతికి పట్టు దొరికింది. నేను వేసిన బంతి మీసాలాయన చుట్టూ ప్రదక్షిణ చేసి వెళ్లి వికెట్లకు తగిలింది. అంతలో గాలి లేచి మబ్బును తోలుకుపోయింది. నేను చేతులెత్తి ఆకాశానికి దండం పెట్టాను. నాకు ఏడు వికెట్లు. పోతూ పోతూ మీసాలాయన, "నీదేం లేదులేరా, ఆడింది మీ చెరువు," అన్నాడు.

బిందె నెత్తిన పెట్టుకుని నేరుగా చేనుకు పరుగెత్తాను. నాయన సాళ్ల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"నాయనా, ఏడు వికెట్లు!"

"యాడేసినావు బంతి?"

"పగుల్లో. చెయ్యి పట్టేంత ఉండాది."

"ఊ. ఇట్ల రా."

ఒక చెట్టు పట్టి పీకాడు. వేరు రాలేదు, కాడ తెగి చేతికొచ్చింది. ఊడలు నేలను తాకి, లోపలికి పోలేక పక్కకు వంగి, కొసలు నల్లబడి ఉన్నాయి.

"చెరువులోది నల్లమన్ను, ఎండితే పగుల్తాది. ఈడ ఎర్రమన్ను, ఎండితే బిగుసుకుంటాది. ఏలు గుచ్చు సూద్దాం."

బలమంతా పెట్టి గుచ్చాను. గోరు చీలి రక్తమొచ్చింది.

"అంత లావు ఏలికే దిగలే. దీనికెట్ల దిగుతాది?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. నాయన నా తల మీద చెయ్యి వేసి, "నువ్వు ఆగమన్నావని ఆగలేదులేరా వాన. అది ఎవురి మాటా వినేది కాదు," అన్నాడు.

దసరా వెళ్లగానే నాయన బెంగళూరుకు కూలికి పోయాడు. అక్కడ ఏం పని దొరికిందో వినండి, దీన్ని మాత్రం నాలుగుతో భాగించకండి. ఒక క్రికెట్ మైదానంలో నేల తడిపే పని. ఉగాదికి ఇంటికొచ్చి, పొద్దున తడిపితే బంతి ఎట్లా ఆగి వస్తుందో, ఎండకు ఆరితే ఎట్లా జారి వస్తుందో, నా విద్య నాకే చెప్పాడు.

"దినానికి ఎన్ని బిందెలు పోస్తారు?" అంది అమ్మ. నేను గెలిచిన బిందె అప్పటికి బోరింగు దగ్గర వరుసలో పొద్దున్నుంచీ ఖాళీగా నిలబడి ఉంది.

"బిందెలు యాడివే, పైపుతోనే. పారతానే ఉంటాది." ఆయనే మళ్లీ అన్నాడు. "వానొస్తాందంటే సాలు, అందరం టార్పాలిను పట్టా పట్టుకుని ఉరుకుతాము, నేల తడవగూడదని. అందరికంటే ముందు నేనే ఉరుకుతాండా."

ఆయన నవ్వాడు. మేం నవ్వలేదు.

ఇక మాట ప్రకారం ఒప్పుకోవాలి. వికెట్లు ఏడు కావు, రెండు. మీసాలాయన రనౌట్ అయ్యాడు. పగుల్లోకి తాడు వేసుకుని ఎవరూ దిగలేదు. ఇవన్నీ పెంచినవి. కల్పించింది ఒక్కటే, చేనులో నా తల మీద చెయ్యి వేసి నాయన అన్న మాట. ఆయన ఆ మాట అనలేదు. చెయ్యీ వెయ్యలేదు. చేతిలోని కాడను గట్టు మీద పడేసి, నా వైపు చూడకుండా ఇంటికి నడిచాడు. తర్వాత ఎప్పుడైనా అంటాడేమోనని ఆయన కన్నుమూసేదాకా ఎదురుచూశాను.

ఆ గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతుంది. ఇంత వాగుడుకాయను కదా, ఆకాశంలో మబ్బు పట్టిన రోజు మాత్రం నేను నోరు తెరవను.