పిల్లకు రెండు పేర్లు

"బుజ్జీ, నీ పేరేంది?" అని విచారణకు వచ్చిన వీఆర్వో అడిగాడు. మా ఐదేళ్ల కూతురు జవాబు చెప్పకుండా నా వైపు తిరిగింది.

"ఏ పేరు చెప్పాలమ్మా?" అంది.

ఆ క్షణం వరకు దాన్ని మామూలు విచారణే అనుకున్నాను. కులం సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టుకుంటే సచివాలయం నుంచి ఎవరో ఒకరు వస్తారు, అడుగుతారు, రాసుకుని పోతారు. మా ఊరి ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి ఉచిత సీటుకు ఆ సర్టిఫికెట్ కావాలి. అది లేకపోతే సీటు లేదు. సీటు లేకపోతే మా ఆయన లారీ జీతంతో ఆ స్కూలు గేటు కూడా దాటలేం.

"సిగ్గు సార్ దానికి" అని, బడిలో వేయబోయే పేరు నేనే చెప్పాను.

ఆయన నవ్వాడు. "సిగ్గేం లేదులే అమ్మాయ్, పిల్ల చానా తెలివైంది. రెండున్నాయా ఏంది?"

"ముద్దుపేరు సార్. అందరిళ్లల్లో ఉండేదేగా."

అక్కడితో అయిపోయేదేమో. కానీ మా అత్త రెండు నెలల మనవణ్ని భుజాన వేసుకుని లోపలి నుంచి వచ్చింది. "ముద్దుపేరేంది? పాస్టరుగారు నెత్తిన చెయ్యిబెట్టి పెట్టిన పేరయ్యా అది!" అని ఆ పేరు గట్టిగా పలికింది. పేట మొత్తం వినేలా పలికింది.

ఆ పేర్లేవీ ఇక్కడ రాయను. రాస్తే ఇదీ ఒక సాక్ష్యమే అవుతుంది.

"అట్టాగా పెద్దమ్మా. ఆదివారం పూట అందరూ చర్చికేనా?" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

"ఇంకెక్కడికి పోతాం?" అంది అత్త, సంతోషంగా.

ఆయన రాసుకున్నాడు. ఏం రాశారు సార్ అంటే, "చూసింది రాయాలిగా అమ్మాయ్. పైవాళ్లు చూసుకుంటారు" అన్నాడు. ఆయన మణికట్టుకు కోటప్పకొండ నుంచి తెచ్చుకున్న తాడు ఉంది. ఆ తాడు ఎందుకు కట్టుకున్నావని ఆయన్ని ఏ కాగితమూ అడగదు. ఆయన మనవడికి నక్షత్రం చూసి పేరు పెట్టినా, ఫోన్లో వెతికి పెట్టినా దాని వల్ల వాళ్లకు పోయేదేమీ లేదు. మాకు మాత్రం క్రైస్తవులని తేలితే ఎస్సీ సర్టిఫికెట్ రాదు. పేటలో మా బతుకు, బయట మమ్మల్ని చూసే చూపు అణువంత మారకపోయినా సరే. అందుకే మా ఇళ్లల్లో ప్రతి బిడ్డకూ చర్చిలో ఒక పేరు, కాగితం మీద ఇంకొక పేరు. నేను నరసరావుపేటలో డిగ్రీ చదివింది ఆ కాగితం పేరుతోనే. మూడేళ్లు హాస్టల్లో నా రెండో పేరు ఒక్క మనిషికి కూడా చెప్పలేదు.

వీఆర్వో బండి సందు దాటగానే అత్త మీద పడ్డాను.

"నోరు ఆపుకోలేవా అత్తా? దాని సీటు పోతే నువ్వు చదివిస్తావా?"

"నేనేం అబద్ధమాడానే? దేవుడిచ్చిన పేరు దాచుకోవాలా?"

"దేవుడిచ్చాడా? చీట్లు తీసిన రోజు మిగతా రెండూ నేను విప్పి చూశాను. మూడింటి మీదా ఒకటే పేరు రాయించావు!"

మా పేటలో పేర్లను చీటీల మీద రాసి, బైబిల్లో పెట్టి, ప్రార్థన చేసి ఒకటి తీస్తారు. మా అమ్మాయికి వచ్చింది, బైబిల్లో అత్తను విడిచిపోకుండా పరాయి ఊరికి ఆమె వెంట నడిచిన కోడలి పేరు. పొలాల్లో పరిగె ఏరి అత్తకు అన్నం పెట్టిన కోడలు. ఆ పేరు ఎవరి కోసం పెట్టిందో నాకు ఆనాడే అర్థమైంది. ఐదేళ్లుగా దిగమింగుకుని ఉన్నాను.

అత్త కొంచెం కూడా తడబడలేదు. "దేవుడికి కష్టమెందుకని" అంది.

ఇంకో రోజైతే నవ్వేదాన్నే.

"ఈసారి పిల్లోడికి కాగితం మీద కూడా చర్చి పేరే రాయించాలి. నా కొడుక్కి చెప్పే ఉంచా" అంది మళ్లీ. పిడుగురాళ్లలో సున్నం లోడుకు వెళ్లిన మా ఆయనకు ఫోన్ చేశాను. "నేనొచ్చాక చూద్దాంలే" అని పెట్టేశాడు. ఆయనకు పెళ్లయిన నాటి నుంచీ తెలిసింది ఆ ఒక్క మాటే.

బీరువా మీద నుంచి పిల్లాడి జనన ధ్రువపత్రం ఫారం తీశాను. పుట్టినప్పుడు పేరు గడి ఖాళీగా వదిలేశాం. అత్త ఎదురుగా కూర్చుని, ఏ దేవుడికీ చెందని, సినిమాహాలు క్యూలో పది మందికి ఉండే ఒక పేరు అందులో రాశాను.

"ఏం రాశావే?" అంది. అత్తకు చదవడం రాదు.

"నీకెందుకు?"

ఆమె ఆ కాగితం మీద అక్షరాల్ని వేలితో తడిమింది. అరవలేదు, శపించలేదు. "నలభై ఏళ్లు కూలికి పోయినా. చేలో నన్ను ఏమని పిలిచారో తెలుసా? ఏమే, ఒసే. అంతే. చర్చిలోనే అమ్మా, రండని పేరుపెట్టి పిలిచారు. నువ్వు చదువుకున్నావు, నీకు అన్ని చోట్లా పేరుంది" అంది.

ఆ మాటకు నాకు ఇంకా ఒళ్లు మండింది. ఆమె చెప్పింది నిజం. ఆ నిజంతో మా పిల్లకు సీటు రాదు.

మర్నాడు పొద్దున్నే అమ్మాయికి జడ వేస్తూ, చంటివాడు ఒడిలో ఉండగా, పొయ్యి దగ్గరున్న అత్తకు వినపడుతుందని తెలిసే చెప్పాను:

"ఈరోజు నుంచి నీకు ఒకటే పేరు. సార్లు అడిగినా, టీచరు అడిగినా అదే చెప్పాలి. తమ్ముడిక్కూడా ఒకటే. ఆ రెండో పేరుతో నాయనమ్మ పిలిస్తే పలక్కు. ఎన్నిసార్లు పిలిచినా పలక్కు."