అత్తగారి ఆయ్

మా అత్తగారికి వినికిడి తగ్గిందన్నది పరీక్షలో తేలిన విషయం. మోకాళ్ల నొప్పికి ఆమె ఏళ్ల తరబడి, దాదాపు రోజూ, మాత్రలు వేసుకున్నారన్నదీ నిజమే. ఖాళీ అట్టలు నేనే చూశాను. ఆ మాత్రలే చెవులు పోగొట్టాయన్నది మాత్రం బండారులంకలో ఆమె వీధివాళ్ల మాట.

కొట్టిపారేయదగిన మాట కాదది. ఆస్పిరిన్ మోతాదు మించితే చెవిలో హోరు పుట్టి వినికిడి తగ్గుతుందని, మానేస్తే సాధారణంగా తిరిగి వస్తుందని వైద్యులకు తెలుసు. ఇతర నొప్పి మాత్రలు తరచుగా వాడేవారిలోనూ ఈ లోపం కొంత ఎక్కువగా కనిపించింది. అయితే కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు.

ఆమెకు వినపడట్లేదన్న అనుమానం మాకు రాకపోవడానికి కారణం ఆమె మర్యాదే. నేనేం చెప్పినా, ఔనండీ అన్నట్టు, "ఆయ్" అనేవారు. ఇంత నెమ్మదైన అత్తగారు ఎవరికి దొరుకుతారని మురిసిపోయేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఆమె మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి నేస్తుండగా మగ్గం పక్కన కూర్చుని అడిగాను.

"ఈ మాత్రలు రోజూ వేసుకుంటున్నారాండి?"

"ఆయ్."

"ఎన్నాళ్ల నుంచండి?"

"ఆయ్."

మా ఆవిడ పకపకా నవ్వింది. "నిన్న పులుసులో ఉప్పెక్కువైందన్నా ఆయ్ అనే అందండీ మా అమ్మ!"

నాకు నవ్వు రాలేదు. ఎదురుగా వెళ్లి, ముఖం కనబడేలా వంగి, నా మాట వినపడట్లేదాండీ అని అడిగాను. అత్తగారు తల దించుకున్నారు.

"వినపడట్లేదంటే మాత్రలు మానిపించేస్తారని చెప్పలేదండీ. మాత్ర లేకపోతే మోకాళ్లు వంగవు. మగ్గం గుంటలోకి దిగకపోతే పొద్దస్తమానం నేనేం చెయ్యనండీ?"

అమలాపురంలో పరీక్ష చేసిన డాక్టరు ఆమె వయసు, మగ్గం మోత, మాత్రలు, మూడింటినీ అనుమానించారు. మగ్గం మానమనలేదు, రోజుకు ఒక పూటకు కుదించమన్నారు. మోకాళ్లకు వ్యాయామం చెప్పి, మాత్ర తగ్గించారు.

కొన్ని నెలల తర్వాత, మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నారని ఎదురుగా కూర్చుని గట్టిగా అడిగాను.

"నొప్పి మరీ ఎక్కువైతేనేనండీ. అంతలా అరవకండి అల్లుడుగారూ, పక్కింటోళ్లు మనం తగువాడుకుంటన్నామనుకుంటారు."

రెండోసారి పరీక్షలో కాస్త మెరుగు కనిపించింది. ఏ రెండు పరీక్షల మధ్యనైనా అంతమాత్రం తేడా రావచ్చు. పైగా మాత్ర, మగ్గం రెండూ తగ్గాయి. ఇంట్లో మా మాటలు ఆమెకు ఇదివరకటికంటే అందుతున్నాయంటే, మేము ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నందుకూ కావచ్చు. చెవులకు చెడు చేసింది మాత్రేనా అన్నది తేలాలంటే, ఆమెకు మళ్లీ పాత లెక్కన మాత్రలిచ్చి చూడాలి. ఆ పరీక్ష నేను చేయను.