తాతయ్య కట్టిన గులాబీ కంప

నిన్న నేపర్‌విల్‌లో మా పెరటి వాలుకి కుక్క కోసం కంచె వేయించాను. కొత్త చెక్క వాసన తగలగానే అరచేయి చురుక్కుమన్నట్టయింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఫార్మింగ్టన్ హిల్స్‌లో నాన్న కూడా ఇలాగే వేయించారు. నేల వాలు కావడంతో చెక్కల కింద అక్కడక్కడా సందులు మిగిలాయి. ఇండియా నుంచి అమెరికాలో మా దగ్గర ఆరునెలలు ఉండడానికొచ్చిన తాతయ్య, కత్తిరించి పడేసిన గులాబీ కొమ్మలు తెచ్చి ఆ సందుల్లో దట్టంగా కూరారు.

"చేనుకి కంప కొట్టినట్టేరా. ఇంక నీ కుక్క ఎటూ పోదు," అన్నారు.

పక్కింటి పిల్ల అది చూసి, కంచె కింద ఈ చెత్తేమిటని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల వెళ్లగానే గేటు పక్క సందులోని కంపంతా వట్టి చేతులతో లాగి పారేశాను.

సాయంత్రానికి కుక్క లేదు. వెతగ్గా వెతగ్గా రెండు వీధుల అవతల దొరికింది.

"ఇవన్నీ ఇక్కడ వర్క్ అవ్వవు నాన్నా. చెప్తే వినవు," అని తాతయ్యని విసుక్కున్నారు నాన్న.

"నేనే సరిగ్గా కూరలేదులేరా," అన్నారు తాతయ్య. పక్కనే ఉన్న నేను ముల్లు దిగిన చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

అన్నాల దగ్గర నేను ముద్ద కలపలేక అవస్థ పడుతుంటే, తాతయ్య నా చెయ్యి ఒళ్లోకి తీసుకుని పిన్నీసుతో ముల్లు తీశారు. ఎలా గుచ్చుకుందని అడగలేదు.

అది ఏ ముల్లో ఆయన పోల్చుకోలేదని చాలా ఏళ్లు నమ్మాను.