సైన్సా, ఆర్ట్సా... గన్నేరు పువ్వునడిగిన ఏడాది

మా చిన్నప్పుడు పదో తరగతి ఎస్సెస్సెల్సీ రిజల్టు, విత్తనం చెనక్కాయలు ఒలిచే పని... రెండూ ఒకేసారి వచ్చి నెత్తిన కూర్చునేవి.

నేను పాసైన ఏడాదీ అంతే. ఆంధ్రాను ఆనుకున్న కర్ణాటకలో, మంగళవాడ దగ్గర మా పల్లెలో, మా ఇంటి నడవలో కాయలు రాశి పోసి ఉన్నాయి. చుట్టూ అవ్వ, అమ్మ, పక్కింటి నాగమ్మత్త, నేను. ఒలిచీ ఒలిచీ వేళ్ళు మండేవి. ఒక్క పప్పు నోట్లో వేసుకుంటే అవ్వ గుడ్లురిమేది... అది విత్తనం కదా మరి! వాన ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, విత్తనం మాత్రం సిద్ధంగా ఉండాలి.

ఆ రాశి చుట్టూ కూర్చున్నవాళ్ళే నా చదువు తేల్చే పెద్దలు. పీయూసీలో, అంటే ఇంటర్‌లో, సైన్సా, ఆర్ట్సా... నేను తప్ప అందరూ మాట్లాడేవాళ్ళు.

"సైన్సుకు పోతే కప్పల్ని కోయల్లంట గదక్కా! ఆడపిల్లకి ఆ పాపం ఏల?" అని నాగమ్మత్త.

"కోస్తేనే డాక్టరమ్మ అయ్యేది. నా మోకాళ్ళ నొప్పికి సూది ఏసేదానికి ఇంట్లోనే మనిషి ఉంటాది" అని మా అవ్వ.

హెడ్ మేష్ట్రు లెక్కల్లో నా మార్కులు చూసి సైన్సే తీసుకోమన్నారు. నా స్నేహితురాలు సుజాతేమో, ఇద్దరం ఆర్ట్స్‌లో చేరి పావగడకు ఒకే బస్సులో పోయొద్దాం అంది. బస్సు కండక్టరు పని చేసే మా మామ ఒకరోజు వచ్చి, కామర్స్ అని మూడోది కూడా ఉందని చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. అంతే, నా బుర్ర పూర్తిగా గజిబిజి. పొద్దున డాక్టరు, మధ్యాహ్నం టీచరు, సాయంత్రానికి బ్యాంకు ఆఫీసరు... నాకేం కావాలో నాకే అంతుపట్టేది కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆర్ట్స్ పావగడలోనే, ఇంటి నుంచి పోయి రావచ్చు. సైన్సంటే తుమకూరు హాస్టలు అని మామ తేల్చేశాడు. నాయనేమో బావి ఎండిపోయి, బోరు వేయిద్దామని చూస్తున్నాడు. చేతిలో ఉన్న డబ్బు ఏదో ఒకదానికే వస్తుంది. ఈ మాట ఎవరూ పైకి అనలేదు గానీ ఇంట్లో అందరికీ తెలుసు.

చివరికి అవ్వ విసిగిపోయింది. "మనుషుల్ని అడిగింది సాలు. స్వామినే అడుగుదాం పా" అంది.

మా వైపు ఏదీ తేలకపోతే గుడికి వెళ్ళి పూలడుగుతారు. పూజారి తడి పువ్వులు విగ్రహానికి రెండు పక్కలా అంటిస్తాడు. ఎదురుగా కూర్చుని మనసులో అడగాలి. కుడి పక్క పువ్వు రాలితే సరే అని... ఎడమ పక్కది రాలితే వద్దని.

శనివారం పొద్దున ఆంజనేయస్వామి ముందు అవ్వ, నేను కూర్చున్నాం. అవ్వ కళ్ళు మూసుకుని, పిల్లని సైన్సుకు పంపేదా అని అడుగుతోంది. నేనూ మూసుకున్నాను. సైన్సు అనుకుంటే సుజాత గుర్తొచ్చింది... ఆర్ట్స్ అనుకుంటే మేష్ట్రు. ఏం అడగాలో తెలియక కళ్ళు తెరిచేశాను.

అప్పుడే కుడి పక్క గన్నేరు పువ్వు జారి కింద పడింది!

"సైన్సే!" అని అవ్వ అరిచింది.

"నీళ్ళు పడతాయి!" అని వెనక నుంచి నాయన గొంతు.

ఇద్దరం ఉలిక్కిపడి తిరిగాం. చేను నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కాళ్ళకు మట్టి కూడా పోలేదు. మేమెందుకు కూర్చున్నామో తెలియక, మా వెనకే నిలబడి బోరు సంగతి అడిగేశాడట!

"ముందు కూసున్నది నేను రా! పువ్వు నాది" అంది అవ్వ.

"నేనూ అడిగినా గదమ్మా..." అని, నాయన పూజారి వైపు తిరిగాడు. "ఎవురికి పడిండాదో నువ్వే సెప్పప్పా."

"పడింది సూసినా. ఎవురికో నాకేం తెల్సు? ఆ స్వామికే తెలియల్ల" అని పూజారి హారతి పళ్ళెం తీసుకుని లోపలికి పోయాడు. మళ్ళీ అడగడానికి లేదు. ఒకసారి పలికాక మళ్ళీ అడిగితే దేవుణ్ణి నమ్మనట్టే.

ఆ సాయంత్రం నాయన నన్ను చేను దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎండిన బావి గట్టు మీద కూర్చుని, "నీకేం సదవల్లని ఉండాదమ్మా?" అన్నాడు. అన్ని రోజుల్లో ఆ మాట నన్నడిగిన మొదటి మనిషి.

నాకు ఏడుపొచ్చింది. "తెల్దు నాయనా" అన్నాను.

నాయన నవ్వాడు. "నాకూ తెల్దు లే, నీళ్ళు యాడుండాయో. వాన ఈ ఏడు రాకుంటే వచ్చే ఏడు సూస్తాం. నీ సదువు ఈ ఏడు పోతే మళ్ళా రాదు. పువ్వు నీదే అనుకుందాం పో."

అలా తుమకూరు వెళ్ళాను. కన్నడ మీడియం నుంచి పోయిన నాకు ఇంగ్లీషులో ఫిజిక్స్ క్లాసు మొదటి రోజు ఒక్క ముక్క ఎక్కలేదు... సైన్సు తప్పేమోనని మళ్ళీ అయోమయం. ఏడ్చుకుంటూనే గట్టెక్కాను. డాక్టరు కాలేదు. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే పనిలో కుదిరాను. అవ్వ పోయేదాకా మోకాళ్ళు నాకే చూపించేది, పాపం.

నాయన ఆ బోరు మాత్రం ఎప్పుడూ వేయించలేదు. ప్రతి ఏడూ విత్తనం ఒలుచుకుని, మబ్బుల వైపు చూస్తూనే గడిపాడు.

ఈ ఏడు మా అమ్మాయి గ్రూపు ఎంచుకోవాలి. ఇప్పుడు ఫోను నిండా సలహాలే, కౌన్సెలింగులు, పరీక్షలు... అయినా నిన్న అది, "ఏం తీసుకోవాలో తెలియట్లేదమ్మా" అంది. ఆ మాట వినగానే బావి గట్టు గుర్తొచ్చింది.

ఆ పువ్వు ఎవరికి పడిందో నాకు ఇప్పటికీ తెలియదు... ఎవరు వదులుకున్నారో మాత్రం తెలుసు.

మీ చదువు కోసం మీ ఇంట్లో పువ్వు వదులుకున్నది ఎవరు? కింద రాయండి... చదువుకుంటాను.